వరి చేలో మొదటి 40 రోజులు

శ్రోతలకు నమస్కారం.

ఊడ్పులై వారం పది రోజులు గడిచిన వరి చేనును గట్టు మీద నుంచి చూస్తే దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. చేనంతా నీళ్లు, మధ్య మధ్య ఇంకా తిప్పుకోని నారు. మొక్క నిలదొక్కుకోవాలి, పిలకలు వెయ్యాలి, అప్పుడు గానీ చెప్పుకోవడానికి ఏమీ ఉండదని అనుకుంటాం. కానీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆ చేనుకు దోమ పోటు తగులుతుందా లేదా అన్నది చాలావరకు ఈ తొలి రోజుల్లోనే తేలిపోతుంది. అది ఎలా తేలుతుందో చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

పట్నాల్లో వింటున్నవాళ్ల కోసం ముందే ఒక మాట. వరికి పట్టే దోమ, మనల్ని కుట్టే దోమ ఒకటి కాదు. వరికి పట్టేదాన్ని సుడిదోమ అంటారు. గోధుమ రంగులో, మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఆకుల మీద తిరగదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, నీడలో గుంపుగా చేరి కాండంలో రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. కొన్నాళ్లకు చేను మధ్యలో ఒకచోట గుండ్రంగా పసుపు తిరిగి, ఆ సుడి పెద్దదవుతూ నాలుగైదు రోజుల్లోనే ఎండిపోతుంది. ఈనిన చేను, కోతకు నెల రోజులు కూడా లేని చేను అలా పడిపోతే ఆ ఇంట్లో ఎంత టెన్షనో మా గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఈ పురుగుకు చెట్టు రసంలో కావలసిన పోషకాలన్నీ దొరకవు. ఆ రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. ఆ లోటు తీర్చడానికి దోమ ఒంట్లోనే ఈస్టులాంటి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. దోమ వదిలేసే నత్రజని వ్యర్థాలను అవి మళ్లీ పనికొచ్చే పోషకాలుగా మార్చి దానికే ఇస్తాయి. తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి వారసత్వంగా వస్తాయి. అవి లేకపోతే దోమ సరిగా ఎదగలేదు. అంటే మనం ఒక పురుగు అనుకునేది నిజానికి రెండు జీవుల ఉమ్మడి సంసారం. యూరియా ఎక్కువ వేసిన చేలో దోమ ఎందుకు విజృంభిస్తుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. రసంలో నత్రజని పెరిగితే దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, పిల్లలు ఎక్కువగా బతుకుతాయి.

దీనికి రెండు రకాల రెక్కలుంటాయి. తిండి పుష్కలంగా ఉన్నంతకాలం పొట్టి రెక్కల ఆడవి పుడతాయి. అవి ఎగరలేవు, ఉన్నచోటే ఉండి గుడ్ల మీద గుడ్లు పెడతాయి. దుబ్బు కిక్కిరిసిపోయి మొక్క నీరసించే సమయానికి పొడవు రెక్కలవి తయారై గాలిలోకి లేస్తాయి. ఎంత దూరం పోతాయో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1967లో జపాన్‌కు దక్షిణాన పసిఫిక్ సముద్రంలో, ఒడ్డుకు వందల కిలోమీటర్ల దూరంలో నిలిచిన వాతావరణ పరిశీలక నౌక మీద ఈ దోమలు గుంపులుగా వాలాయి. చలికాలంలో జపాన్‌లో ఇవి బతకలేవు. ఏటా గాలివాటున దక్షిణం నుంచే వస్తాయి. 1732లో జపాన్‌ను కుదిపేసిన కరువుకు వరి దోమలే ప్రధాన కారణమని అక్కడి చరిత్ర చెబుతోంది. మన దేశంలో 1973లో కేరళ వరి పొలాలను సుడిదోమ ఊడ్చిపెట్టింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. నా దృష్టిలో ఈ ప్రసంగం మొత్తంలో ఇదే ముఖ్యం, కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

ఒక ఆడ దోమ 200 గుడ్లు పెట్టిందనుకోండి. అందులో రెండే, ఒక ఆడది, ఒక మగది, బతికి పెద్దవై మళ్లీ గుడ్లు పెడితే చేలో దోమల సంఖ్య పెరగదు, తగ్గదు. అంటే 200లో 198 చావాలి. అదే 190 చచ్చి పది బతికాయనుకోండి. 190 చావడం తక్కువేమీ కాదు, నూటికి 95 వంతులు చచ్చినట్టే. అయినా ఒక తరం తిరిగేసరికి దోమ ఐదు రెట్లు అవుతుంది, రెండో తరానికి 25 రెట్లు, మూడో తరానికి 125 రెట్లు. ఒక తరానికి పట్టేది నెల లోపే. నారు నాటినప్పటి నుంచి కోత లోపల ఇవి మూడు తరాలు తిరగగలవు. చేను నిలబడడానికీ పడిపోవడానికీ మధ్య ఉన్న తేడా ఆ ఎనిమిది పురుగులే.

మామూలుగా చాలా చేలల్లో, చాలా ఏళ్లలో, ఏ మందూ కొట్టకుండానే ఆ 198 చచ్చిపోతున్నాయి. వాటిని ఎవరు చంపుతున్నారు?

మొదట చెప్పుకోవలసింది సాలీడు గురించి. గోడ మూలల్లో గూడు కట్టే సాలీడు కాదిది. వరి చేలో నీటి మీదా దుబ్బు మొదళ్లలోనూ పరుగెత్తి వేటాడే రకం, తోడేలు సాలీడు అంటారు. వల అల్లదు. వీపు మీద పంగ కర్రలాంటి చీలిక మచ్చ ఉంటుంది. రోజుకు ఐదు నుంచి పదిహేను దోమల దాకా తినగలదు. గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక వాటిని కొన్నాళ్లు వీపు మీద మోస్తుంది. దుబ్బు పక్కకు వంచి చూసినప్పుడు అలాంటి తల్లి సాలీడు కనిపిస్తే ఆ చేనుకు మంచి కావలి ఉందని నిశ్చింతగా ఉండవచ్చు.

తర్వాత మిరిడ్ నల్లి. ఆకుపచ్చ, నలుపు కలిసిన సన్నటి పురుగు, దోమ కంటే పెద్దదేమీ కాదు. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడుగు లోపల, మొక్క కండలోకి గుచ్చి పెడుతుంది. మనం పిచికారీ చేసే మందుల్లో చాలావరకు అక్కడికి చేరవు. మిరిడ్ నల్లి మాత్రం ఆ గుడ్డు ఎక్కడుందో పసిగట్టి, సూదిలాంటి ముక్కు దింపి పీల్చేస్తుంది. రోజుకు ఏడు నుంచి పది గుడ్లు తింటుంది. దోమ ఎగిరి వచ్చిన చోటికి ఇదీ వెనకే ఎగిరి వస్తుంది.

ఇంకొకటుంది, మిల్లీమీటరు కూడా ఉండదు. కందిరీగల జాతిదే కానీ కంటికి ధూళి రేణువులా కనిపిస్తుంది. ఇది దోమ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. లోపల పుట్టిన పిల్ల ఆ గుడ్డును తినేసి బయటికొస్తుంది. ఎకరమంత చేలో ఇంత చిన్న జీవికి ఆ గుడ్లు ఎలా దొరుకుతాయి? వరి మొక్కే చెబుతుంది. దోమ కాటు పడిన మొక్క నుంచి వెలువడే వాసనలు మారిపోతాయి. ఆ వాసన పట్టుకుని ఈ పరాన్నజీవి నేరుగా అక్కడికి చేరుతుందని పరిశోధనల్లో తేలింది. వరి మొక్క నోరులేనిదని మనం అనుకుంటాం గానీ తనకు కష్టం వచ్చినప్పుడు ఎవరిని పిలవాలో దానికి తెలుసు.

తూనీగలు, అక్షింతల పురుగులు, నీటి మీద జారుతూ పోయే పురుగులు, కప్పలు అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. కప్పల గురించి ఒక్క మాట. మన దేశం నుంచి ఒకప్పుడు బావురు కప్పల కాళ్లు వేల టన్నులు విదేశాలకు వెళ్లేవి, అక్కడివాళ్లు తినడానికి. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అది చాలా మంచి నిర్ణయం, ఇంకా ముందే జరిగి ఉండాల్సింది.

అసలు విషయానికి వస్తాను. సాలీడుకు రోజూ తిండి కావాలి. సుడిదోమ చేలోకి పెద్ద ఎత్తున దిగేది ఊడ్పులైన మూడు నాలుగు వారాల తర్వాత. దోమ వచ్చాక సాలీళ్లు వచ్చి, గుడ్లు పెట్టి, పెరిగేలోపు దోమ ఒక తరం ముందుకు వెళ్లిపోతుంది. ఇందాకటి లెక్క ప్రకారం అప్పటికే ఆలస్యం అయినట్టే. కాబట్టి దోమ రాకముందే చేలో సాలీళ్లు ఉండాలి, అదీ దండిగా ఉండాలి. కానీ దోమ లేనప్పుడు అవి ఏం తిని బతుకుతాయి?

దీనికి జవాబు 1990లలో ఇండొనేషియాలోని జావా దీవిలో దొరికింది. విలియం సెటిల్ అనే శాస్త్రవేత్త బృందం అక్కడి వరి పొలాల్లో ఏయే పురుగులు ఎప్పుడెప్పుడు ఉంటున్నాయో సీజను పొడుగునా లెక్కపెట్టింది. 700కు పైగా జాతుల పురుగులు, సాలీళ్లు తేలాయి. అందులో పంటను తినేవి కొన్ని, వాటిని తినేవి చాలా. ఇవి కాక పంటతోనూ పంట పురుగులతోనూ సంబంధం లేనివి ఇంకో గుంపు. కుళ్లిన ఆకును, నీటిలోని నాచును, సూక్ష్మజీవులను తిని బతికే చిన్న చిన్న జీవులవి. దోమలా ఉండి కుట్టని ఈగలు, వాటి ఎర్రటి లార్వాలు, బురద మీద గెంతే పురుగులు. పుస్తకాల్లో వాటిని చీడల జాబితాలోనూ మిత్ర పురుగుల జాబితాలోనూ రాయరు. సీజను మొదట్లో సాలీళ్లకూ మిగతా వేట పురుగులకూ తిండి ఇవేనని ఆ బృందం చూపించింది.

అది జరిగే తీరు ఇది. దమ్ము చేసినప్పుడు, అంటే ఊడ్పులకు ముందు నీళ్లు పెట్టి బురదగా దున్నినప్పుడు, పాత మోళ్లు, పచ్చిరొట్ట, పెంట అన్నీ బురదలో కలుస్తాయి. నీరు నిలిచిన ఆ బురదలో కొద్ది లోతుకే ఆక్సిజన్ ఉండదు, అక్కడ ఒక రకం సూక్ష్మజీవులు. పైన ఎండ తగిలే నీటిలో నాచు, ఇంకోరకం సూక్ష్మజీవులు. వాటిని తింటూ కంటికి కనపడీ కనపడని నీటి జీవులు. వాటిని తింటూ ఈగల, మామూలు దోమల లార్వాలు. ఊడ్పులైన రెండు వారాలకే ఆ లార్వాలు రెక్కలొచ్చి నీటి మీద లేస్తాయి. సాయంత్రం పూట చేను మీద పొగలా తిరుగుతూ కనిపించేవి ఇవే. వాటిని పట్టుకు తింటూ సాలీళ్లు చేలో స్థిరపడతాయి, పిల్లల్ని పెడతాయి. ఆ తర్వాత ఎప్పుడో సుడిదోమ వచ్చి వాలుతుంది. వాలేసరికి కావలి సిద్ధంగా ఉంటుంది. జావాలో కొన్ని మళ్లలో సేంద్రియ ఎరువు ఎక్కువ వేసి చూశారు. ఆ మళ్లలో ఈ కుట్టని ఈగలు పెరిగాయి, వాటితో పాటు వేట పురుగులూ పెరిగాయి.

ఆ నాచును కూడా తీసిపారేయకండి. నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుందని, ఏళ్ల తరబడి ఎరువు వెయ్యని వరి పొలాలు కూడా ఎంతోకొంత పండడానికి అదే కారణమని పి.కె.డే అనే భారతీయ శాస్త్రవేత్త 1939లోనే చూపించారు. అజొల్లా అనే నీటి మొక్కలో ఉండేదీ ఆ కుటుంబానికి చెందిన సూక్ష్మజీవే.

ఇప్పుడు ఊడ్చిన ఇరవై రోజులకు ఏదో ఆకు ముడుచుకుందనో, ఎవరో కొట్టారనో, షాపులో చెప్పారనో ఒక డోసు పురుగుమందు పడిందనుకోండి. కుట్టని ఈగలు చచ్చాయి. సాలీళ్లు కొన్ని చచ్చాయి, మిగిలినవి తిండిలేక వెళ్లిపోయాయి. మిరిడ్ నల్లి చాలా సున్నితమైనది, ముందుగా పోయేది అదే. నాలుగు రోజులకు బయటినుంచి సుడిదోమ ఎగిరొచ్చి వాలింది. ఆ గుడ్లను తినేవాడు లేడు, పిల్లల్ని పట్టేవాడు లేడు. కొన్ని మందులు చాలీచాలని మోతాదులో తగిలితే దోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుందని కూడా తేలింది. మందు కొట్టాక దోమ తగ్గకపోగా ఎందుకు పెరిగిందో తెలియక రైతు ఇంకో మందు కొడతాడు. ఇది రైతు తప్పని నేననను. చేను ఎండిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోమని ఎవరికైనా ఎలా చెబుతాం? తప్పు సలహాలో ఉంది, ఆ సలహా వచ్చే చోట ఉంది.

ఈ సంగతి ఒక దేశం మొత్తం నేర్చుకున్న సందర్భం ఉంది. ఇండొనేషియా 1984లో వరిలో స్వయం సమృద్ధి సాధించింది. అప్పట్లో అక్కడ పురుగుమందుల ధరలో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించేది. మందులు కాలువల్లా పారాయి. రెండేళ్లకే జావాలో సుడిదోమ విరుచుకుపడింది. అంతకుముందే ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్‌మోర్ అనే యువ శాస్త్రవేత్త, దోమను ఇన్ని రెట్లు పెంచుతున్నది మందులేనని చేలల్లో నిరూపించి ఉన్నాడు. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. 1989 నాటికి సబ్సిడీ కూడా ఎత్తేశారు. పంట పడిపోతుందని భయపడినవాళ్లు ఉన్నారు. పడిపోలేదు.

ఆ 1989లోనే ఇండొనేషియాలో రైతులకు పొలంలోనే పాఠశాలలు మొదలయ్యాయి. మన దగ్గర పొలంబడి అనేది ఆ ఆలోచనే. అందులో నాకు బాగా నచ్చిన పాఠం ఒకటుంది. ఒక గాజు సీసాలోనో, వలకట్టిన కుండీలోనో ఒక వరి దుబ్బు పెట్టి, కొన్ని దోమలను, ఒక సాలీడును వదులుతారు. మర్నాడు వచ్చి లెక్కపెట్టుకోమంటారు. ఉపన్యాసం ఉండదు. ఎవరు ఎవరిని తిన్నారో రైతు తన కళ్లతో చూసుకుంటాడు. పదేళ్లు చెప్పినా ఎక్కని విషయం ఆ ఒక్క రాత్రిలో ఎక్కుతుంది. హైస్కూల్లో సైన్సు చెప్పే టీచర్లు ఎవరైనా వింటుంటే, దయచేసి మీ పిల్లలతో ఇది చేయించండి. ఖర్చేమీ లేదు.

విత్తనం సంగతీ చెప్పాలి. దోమను తట్టుకునే వరి రకాలున్నాయి. మన మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన విజేత, కాటన్‌దొర సన్నాలు అలాంటివే. స్వర్ణ, సాంబ మసూరి దోమకు లొంగిపోయే రకాలు, అయినా తిండికి బాగుంటాయి కాబట్టి వాటిని మానలేం. అయితే తట్టుకునే రకం ఒక్కటే దిక్కనుకుంటే కుదరదు. 1973లో ఫిలిప్పీన్స్ నుంచి విడుదలైన ఐఆర్ 26 దోమను తట్టుకున్న మొదటి రకం. రెండు మూడేళ్లకే ఆ మొక్క మీద బతకగల దోమలు తయారయ్యాయి. మొక్క ఒక తలుపు మూస్తే దోమ ఇంకోటి వెతుక్కుంటుంది, అది దాని బతుకు పోరాటం. సాలీడును మాత్రం అది అలా దాటుకుపోలేదు, ఎందుకంటే సాలీడు కూడా మారుతున్న జీవే.

మరి చేయవలసిందేమిటి? ఊడ్చిన మొదటి 40 రోజులు చేలో పురుగుమందు కొట్టకపోవడం అన్నిటికంటే ముఖ్యం. ఆ వయసులో వరికి ఆకు కొంత పోయినా, ఒకటి రెండు పిలకలు చచ్చినా కొత్తవి వేసుకునే శక్తి ఉంటుంది. తొలి ఆకుముడతను చూసి బెదిరిపోనక్కర్లేదు. యూరియా ఒకేసారి గుమ్మరించకుండా దఫాలుగా వెయ్యాలి. తూర్పు పడమరలుగా ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదిలితే దుబ్బుల మొదళ్లకు గాలి, వెలుతురు తగులుతాయి, సుడిదోమకు అవి గిట్టవు. మధ్యలో ఒకటి రెండుసార్లు నీరు తీసి చేను ఆరబెట్టడమూ అందుకే. వారానికోసారి చేలోకి దిగి అక్కడక్కడ దుబ్బులు వంచి చూడాలి. పిలకల దశలో దుబ్బుకు పది పదిహేను దోమలు, ఈనిన తర్వాత ఇరవై ఇరవై అయిదు దాటితేనే మందు మాట. అప్పుడు కూడా సాలీళ్లు, మిరిడ్ నల్లులు ఎన్ని ఉన్నాయో చూసి, రెండు మూడు రోజులు ఆగి మళ్లీ లెక్కపెట్టండి. తప్పనిసరై కొట్టినా పైపైన కాకుండా మొదళ్లకు తగిలేలా కొట్టాలి.

కోత మిషన్లు వచ్చాక మోళ్లకూ గడ్డికీ నిప్పు పెట్టడం ఎక్కువైంది. పొగ ఒక బాధ. అంతకంటే పెద్ద నష్టం, వచ్చే సీజనులో కుట్టని ఈగలకు తిండి కావలసిన చెత్తంతా బూడిదైపోవడం. గడ్డిని తొక్కించి కలియదున్నడమో, దాళ్వా, అంటే రబీ వరి, అయ్యాక జీలుగ గానీ జనుము గానీ చల్లి పూతకు రాగానే దమ్ములో తొక్కడమో చేస్తే ఆ గొలుసు మొదటి కొక్కెం నిలుస్తుంది.

గట్ల విషయం కూడా మరిచిపోవద్దు. ఈమధ్య గట్ల మీద గడ్డి కూడా ఉండకూడదని కలుపుమందు కొట్టి ఎర్రగా మాడ్చేస్తున్నారు. కోత అయ్యాక, దమ్ము చేసేటప్పుడు సాలీళ్లు తలదాచుకునేది ఆ గడ్డిలోనే. గడ్డి మరీ ఎదిగితే కొడవలితో కోసి పశువులకు వెయ్యండి, మాడ్చకండి. వీలైతే గట్టు మీద ఒక వరస నువ్వులు వెయ్యండి. దోమ గుడ్లను వేటాడే ఆ ధూళి రేణువంత కందిరీగకు నువ్వు పువ్వులోని తేనె ఆహారం. అది తాగినవి ఎక్కువ రోజులు బతికి ఎక్కువ గుడ్లను వెతుకుతాయి. చైనా, థాయ్‌లాండ్, వియత్నాం దేశాల్లో గట్ల మీద నువ్వులు, ఇతర పూల మొక్కలు వేసి చూస్తే దోమ తగ్గింది, మందు కొట్టాల్సిన అవసరం తగ్గింది, దిగుబడి కాస్త పెరిగింది కూడా. నువ్వులు మనకు కొత్త కాదు. ఈ సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, మీ చేనుకు ఒక్క గట్టు మీద వేసి, వెయ్యని గట్టు పక్కనున్న దుబ్బులతో పోల్చి లెక్కపెట్టుకోండి.

నమస్కారం.